ఉగాది పాటలో మా పిల్లి

ఆ రోజుల్లో పండగ కంటే ముందు పాట వచ్చేది. ధర్మవరంలో మా వీధివాళ్ళకు క్యాలెండరు చూసే పని ఉండేది కాదు. వినాయక చవితి పందిరికి ఇంకా గుంతలు కూడా తవ్వకముందే మైకు సెట్టు ఆయన వచ్చి కరెంటు స్తంభానికి గొట్టం కట్టి, "హలో, హలో, మైక్ టెస్టింగ్" అనేవాడు (పండగలో మొదటి పాట అదేనని నేను చాలాకాలం అనుకున్నాను, ఇంట్లో దేవుడి ముందు నిలబడి భక్తిగా పాడాను కూడా). పీర్ల పండగకు తప్పెట్ల వెనకాల పాట వచ్చేది. మా వీధి చివర సైకిళ్ళకు పంక్చర్లు వేసే మామ ఆ పది రోజులూ ఎంత బాగా పాడేవాడంటే, మా అమ్మ పొయ్యి మీద పాల సంగతి మరిచిపోయి వాకిట్లో నిలబడిపోయేది. పాలు పొంగిన వాసన వస్తే నాకిప్పటికీ పీర్ల పండగే గుర్తొస్తుంది. క్రిస్మస్‌కు గిటారు పట్టుకుని వచ్చే అన్నల గుంపులో ముఖ్య గాయకుడికి ఏటా సరిగ్గా అప్పుడే జలుబు చేసేది. ముక్కుతో పాడిన ఆ పాటలే అసలైనవని నా నమ్మకం, శుభ్రమైన గొంతుతో ఎవరైనా పాడితే ఏదో తక్కువైనట్టుంటుంది. అవన్నీ ఊరందరి పాటలు. మా ఇంటికి మాత్రమే చెందిన పాట ఒకటుండేది, ఉగాది పాట. అది నన్ను హిందూపురంలో నిండు సభలో నిలబెట్టిన తీరు చెప్పాలి.

మా నాయన మగ్గం నేసేవాడు. ఇంట్లో ముందు గదిలో సగం మగ్గానిదే, మిగతా సగంలో మేముండేవాళ్ళం. ఆయన మామూలు రోజుల్లో పాడేవాడు కాదు, నేసేటప్పుడు మాట్లాడేవాడు కూడా కాదు. కానీ ఉగాది దగ్గరపడి, వేపచెట్లు పూతకొచ్చి, పెళ్ళిళ్ళ చీరల తొందర మొదలయ్యేసరికి ఆయన గొంతులోంచి ఈ పాట దానంతటదే బయటికొచ్చేది. కాళ్ళు మగ్గం గుంతలో తొక్కుతూ, చేత్తో పోగు మోసే నాడెను అటూ ఇటూ విసురుతూ, ఆ టకటకల మధ్య ఇలా పాడేవాడు:

"వేపపూత రాలెనమ్మా, మామిడాకు ఊగెనమ్మా,
కొత్త ఏడు గడప దాటి మనింటికొచ్చెనమ్మా,
చిన్నీ యాడ పోతివే, కండె తేవే,
పోగు తెగెనమ్మా, పోగు తెగెనమ్మా,
పిల్లి సూడే, పాలకాడికి పిల్లి పోయెనే,
దొంగముండా ఇంతసేపా, పొద్దు పోయెనే!"

రాగం ఎక్కడా తెగేది కాదు. చివరి 'పొద్దు పోయెనే' దగ్గర గొంతు అలా పైకి తీసుకుపోయి, మెల్లగా దించి, మళ్ళీ వేపపూతకు వచ్చేవాడు. నేను ఆ పాట వింటూనే పుట్టాను, వింటూనే పెరిగాను. ఇంట్లో నన్ను చిన్ని అని పిలిచేవాళ్ళు. ఆ పేరు ఈ పాటలోంచే తీసి పెట్టారని నాకు నేనే నిర్ణయించుకున్నాను. మా బడిలో లక్ష్ములూ సరస్వతులూ ఉండేవారు, వాళ్ళవి దేవుళ్ళ పేర్లు. నాది పండగ పాటలోని పేరు. ఈ సంగతి ఎవరికీ చెప్పకుండా లోపల దాచుకుని, కాస్త తలెగరేసుకునే తిరిగాను.

అంత పెద్దయ్యేదాకా అనుమానం రాలేదా అని మీరడగవచ్చు. ఎలా వస్తుంది? పట్టు చుట్టిన కండె తెచ్చి చేతికందిస్తూ నేను పక్కనే నిలబడి ఉన్నా కూడా ఆయన "చిన్నీ యాడ పోతివే" అని పాడుతూనే ఉండేవాడు. మా ఇంట్లో దొంగతిళ్ళ పిల్లి ఒకటుండేది నిజమే, కానీ అది చచ్చిపోయిన తర్వాత కూడా పాటలో పాలకాడికి పోతూనే ఉంది. అలాంటప్పుడు అది పాటలోని పిల్లి కాక ఇంకేమవుతుంది? నేసేవాళ్ళ ఇంటి పాటలో పోగూ కండే ఉండటం కూడా సహజమే కదా. రైతుల పాటల్లో నాగలి ఉండదా?

డిగ్రీ, ఆ తర్వాత టీచరు ట్రైనింగు పూర్తయ్యాక పెనుకొండలో కొండ కింద ఉండే ఒక చిన్న ప్రైవేటు బడిలో నాకు ఉద్యోగం దొరికింది. రోజూ ప్యాసింజరు రైల్లో పోయి రావడం. "కండెలు చుట్టేదానికి మనిషి లేకపాయ" అని నాయన నసిగాడు గానీ, మొదటి రోజు పొద్దున్నే లేచి నా చెప్పులు తుడిచి వాకిట్లో పెట్టాడు. ఆ బడి నడిపే పెద్దసారు మంచివాడే, కాకపోతే ఆయనకు ప్రతిదానికీ అర్థం కావాలి. పిల్లలు ముగ్గు వేస్తే "దీని అర్థమేమి?" అనేవాడు. నేను పచ్చ చీర కట్టుకుని పోతే "ఈరోజు పచ్చది కట్టినారే, ఏమన్నా విశేషమా?" అనేవాడు. నన్ను కొత్తగా తీసుకున్నారు కాబట్టి ఏడాది చివరిదాకా చూసి, అప్పుడు ఉంచుకోవాలో వద్దో తేలుస్తామని ముందే చెప్పారు.

ఉగాదికి హిందూపురంలో బడుల మధ్య పండగ పాటల పోటీ పెట్టారు. సినిమా పాటలు కుదరవు, పుస్తకాల్లో ఉన్నవీ కుదరవు, ఇళ్ళల్లో పాడుకునే పాటలే పాడాలని నియమం. పెద్దసారు టీచర్లందరినీ పిలిచి అడిగారు. అందరూ తలలు వంచుకున్నారు. నేను మాత్రం, ఇన్నాళ్ళూ లోపల దాచుకున్న పాట బయటికి రావలసిన ముహూర్తం ఇదేనన్నట్టు లేచి నిలబడి పాడాను. పెద్దసారు కళ్ళు మూసుకుని విన్నారు. కళ్ళు తెరిచి, "రాగం బాగుండాది టీచర్. కానీ దీని అర్థమేమి?" అన్నారు.

నేను తడుముకోలేదు. "పోగు అంటే పాత సంవత్సరం సార్. అది తెగిపోయింది. కండె అంటే కొత్త సంవత్సరం. దాన్ని తెమ్మని అడుగుతున్నారు" అన్నాను (నోట్లోంచి వచ్చేదాకా ఈ సంగతి నాకూ తెలియదు).

"మరి పిల్లి?"

"పిల్లి అంటే కాలం సార్. చప్పుడు చేయకుండా వచ్చి మన ఆయుష్షు అనే పాలు తాగిపోతుంది."

పెద్దసారు, "ఇంత వేదాంతం ఉండాదా మన పాటల్లో!" అని నిట్టూర్చి, పాట ఖాయం చేశారు. 'దొంగముండా' మాత్రం పిల్లల నోట బాగుండదని నేనే 'దొంగపిల్లా' అని సంస్కరించాను. జానపదులు కాస్త మోటుగా ఉంటారు, చదువుకున్నవాళ్ళం మనమే సరిదిద్దాలి కదా అని ఆ వయసులో నాకు గట్టి అభిప్రాయం ఉండేది.

పిల్లలకు అభినయం కూడా నేర్పించాను. ఆడపిల్లలు పావడాలు కట్టుకుని వేపపూత రాలినట్టు చేతులు ఆడించాలి. ఒక బొద్దు పిల్లవాడికి కాటుకతో మీసాలు దిద్ది, పిల్లి వేషం వేసి, ఇత్తడి చెంబు దగ్గరికి పాక్కుంటూ పోయేలా చేశాను. ఇంట్లో మాత్రం ఈ సంగతి పొక్కనివ్వలేదు. నాయన వచ్చి కూర్చుని, తన పాట స్టేజీ మీద విని ఆశ్చర్యపోవాలని నా కోరిక. "మా బడి పిల్లోళ్ళు పాడతారు, నువ్వు రావాల్సిందే" అని మాత్రం చెప్పాను. మగ్గం ఒక్క పూట ఆపడమంటే ఆయనకు చెయ్యి విరిచినట్టే. అయినా తెల్ల పంచె కట్టుకుని, భుజాన కొత్త తువ్వాలు వేసుకుని హిందూపురానికి వచ్చి, మధ్య వరసలో గోడవారగా కూర్చున్నాడు. నేను తెర పక్కనుంచి ఆయనకే ఎదురుగా నిలబడి చూస్తున్నాను.

పిల్లలు మొదలుపెట్టారు. వేపపూత చక్కగా రాలింది. కొత్త ఏడు గడప దాటింది. నాయన తల పైకెత్తి, కళ్ళు పెద్దవి చేసి విన్నాడు. తర్వాత పిల్లలంతా ఒక్క గొంతుతో "చిన్నీ యాడ పోతివే, కండె తేవే" అన్నారు. నాయన వెంటనే తువ్వాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "పోగు తెగెనమ్మా" అనేసరికి భుజాలు కదిలిపోతున్నాయి. ఎన్నడూ కంట నీరు పెట్టని మనిషి, నా పాట విని నిండు సభలో ఏడుస్తున్నాడు! నేను కూడా కొంగుతో కళ్ళొత్తుకున్నాను. ఇంతలో పిల్లి పాక్కుంటూ వచ్చింది. ఖాళీ చెంబు పెడితే సహజంగా ఉండదని వాళ్ళమ్మ నిజం పాలే పోసి పంపిందట. పిల్లి చెంబెత్తి పాలన్నీ తాగేసి మూతి తుడుచుకుంది. కాటుక మీసాలు చెంపలదాకా పాకాయి. అప్పుడు నాయన ముఖం మీది తువ్వాలు జారిపోయింది. ఆయన ఏడవడం లేదు. ఊపిరి తిరగనంతగా నవ్వుతున్నాడు. పక్కనున్న ఆయనెవరో మంచినీళ్ళ సీసా తీసి ఇస్తున్నాడు.

న్యాయనిర్ణేత హిందూపురంలో సంగీతం నేర్పించే పెద్దావిడ. ఆమె మాటల్లో తెలుగూ కన్నడమూ కలిసే నడిచేవి. మైకు తీసుకుని, "తుంబా చెన్నాగుండాది! ఇంత పాత పాట నేను ఈ మధ్యన యాడా విన్లేదు. యారమ్మా నీకు నేర్పించింది?" అని నన్నడిగింది.

"మా నాయన మేడమ్. ఈడే ఉండాడు" అన్నాను, గర్వంగా చెయ్యి చూపిస్తూ.

"అయితే స్టేజీ మీదికి రావల్ల ఆయన. పాట సంగతి ఆయన నోటితోనే చెప్పల్ల" అంది ఆవిడ. జనం చప్పట్లు కొట్టారు. నాయన వద్దు వద్దని తల ఊపినా, పక్కవాళ్ళు లేపి పంపించారు. ఆయన జన్మలో మైకు పట్టుకోలేదు. దాన్ని నాడె పట్టుకున్నట్టు అడ్డంగా పట్టుకుని, పిల్లల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. నా ముఖం చూసి ఆగిపోయాడు. చెప్పాలా వద్దా అని ఆయన పడిన తికమక నాకు తెలుస్తూనే ఉంది గానీ, ఎందుకో తెలియలేదు. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు.

"అమ్మా, తప్పనుకోవద్దండి" అన్నాడు చివరికి. "మొదటి రెండు వరసలు పాటేనమ్మా. ఆ తర్వాతదంతా నేను మా పాపను తిట్టిండేది."

"అంటే?" అంది ఆవిడ.

"అంటే, మగ్గం కాడ కూచొని పాడతాంటానా, కండె అయిపోతాది. ఈ పాప యాడో ఆడుకుంటాంటాది. పాట ఆపితే చెయ్యి ఆగుతాది, అందుకని పాటలోనే పిలుస్తాంటి. అట్లనే అలవాటైపాయ."

"మరి పిల్లి?"

"పిల్లి నిజిం పిల్లేనమ్మా. మా ఇంట్లోదే. సచ్చిపోయి శానా దినాలాయ."

ఆ తర్వాత హాల్లో లేచిన నవ్వును నేనిక వర్ణించలేను. న్యాయనిర్ణేత తన మైకు ఆపడం మరిచిపోయి నవ్వడం వల్ల అది బయట రోడ్డు మీదికి కూడా వినిపించింది. నవ్వనివాళ్ళు ముగ్గురే. నేను, పెద్దసారు, పిల్లి. (పిల్లి దిక్కులు చూసి, "టీచర్, మళ్ళా తాగాల్నా?" అనడిగింది.) షీల్డు ఇంకో బడికి పోయింది. తిరుగు ప్రయాణంలో వ్యానులో పెద్దసారు ముందు సీట్లో కూర్చుని ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. పిల్లలు మాత్రం పెనుకొండ దాకా ఆ పాటే పాడుతూ వచ్చారు, అసలు తిట్టు 'దొంగముండా' అని నాయన దగ్గర కనుక్కుని మరీ.

మరునాడు పెద్దసారు గదిలోకి పిలిచారు. "టీచర్, కాలం పిల్లి లాంటిదని నేను మా ఇంట్లో కూడా చెప్పినా" అన్నారు, నొచ్చుకున్నట్టుగా. "వార్షికోత్సవానికి తల్లిదండ్రులంతా వస్తారు. మనం నవ్వులపాలైన పాట అందరికీ తెలిసిపోయింది. అసలు పాట ఎట్లుంటుందో కనుక్కొచ్చి, సరిగా నేర్పించి, ఆరోజు పాడించండి. అది గూడా కాకపోతే వచ్చే ఏడు మీ సంగతి నేను ఆలోచించాల్సి వస్తాది."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి నాయనతో మాట్లాడలేదు. నా బాధ ఉద్యోగం గురించే అని ఆయన అనుకున్నాడు. ఉద్యోగం గురించి కూడా అనుకోండి. కానీ అన్నం దగ్గర నా నోట్లోంచి వచ్చింది వేరే మాట. "అయితే నా పేరు పాటలోది కాదా నాయనా?"

"నీ పేరు మీయమ్మ పెట్టిండేది. పొట్టిగా ఉంటివని" అన్నాడు ఆయన. చెప్పాక నా ముఖం చూసి, ముద్ద చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. అమ్మ కలగజేసుకుని, "పాట ఆయమ్మది గదా, పోయి ఆయమ్మనే అడగండి. ఇద్దరూ నా మొగం సూచ్చా కూచ్చుంటే పాట వస్తాదా?" అంది. పాట నాయనకు నేర్పింది మా అవ్వ, అంటే ఆయన తల్లి. ఆమె రొద్దంలో మా చిన్నాయన దగ్గర ఉండేది. ఆదివారం నాయనా నేనూ బస్సెక్కాం.

మేం పోయేసరికి అవ్వ అరుగు మీద కూర్చుని విత్తనానికి వేరుశెనగలు, మా చెనిక్కాయలు, ఒలుస్తోంది. మేమెందుకొచ్చామో చెబితే పెద్దగా ఆశ్చర్యపోలేదు. "ఆ పాటకు బస్సులో రావల్లనా? ఇంటోళ్ళను ఎవుర్నడిగినా పాడతారు" అంది. చేతిలో పని ఆపకుండానే అందుకుంది. గొంతు వణుకుతున్నా రాగం సరిగ్గా నాయనదే. వేపపూత రాలింది, మామిడాకు ఊగింది, కొత్త ఏడు గడప దాటి వచ్చింది. నేను తర్వాతి వరస కోసం ముందుకు వంగాను. అవ్వ పాడింది:

"పెద్దోడా యాడ పోతివిరా, నీళ్ళు తేరా,
మేక సూడు, చెనిక్కాయ మేక మేసెరా..."

నేను అప్రయత్నంగా వీధిలోకి చూశాను. అక్కడ మేక లేదు. నాయన అరుగు మీదినుంచి లేచి నిలబడ్డాడు. ఇంట్లో పెద్దకొడుకు కాబట్టి ఆయన్ను చిన్నప్పుడు పెద్దోడా అనేవాళ్ళు.

"మా! ఆ పెద్దోడు నేనా?"

"నువ్వు గాక ఇంగెవుర్రా? నీళ్ళు తెమ్మని బిందె ఇస్తే, బిందె బావికాడ పెట్టి గోలీలాడుకుంటాంటివి."

"ఇప్పుడు గుర్తొస్తాండాది. నేనేమో పాటలోదే అనుకుంటి. మగ్గం కాడ నాకు నీళ్ళెందుకులే అని, దాన్ని తీసేసి కండె అని పెట్టుకుంటి!"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నన్ను సభలో నిలబెట్టిన మనిషి కూడా నాలాగే మోసపోయినవాడు! "అవ్వా, నీకెవరు నేర్పించినారు?" అని అడిగాను.

"మాయమ్మ. తలుపుల ఊర్లో ఉన్నప్పుడు."

"ఆమె ఎవర్ని పిలిచేది?"

అవ్వ చేతులు ఆగాయి. ఒలిచిన గింజలు చేటలో అలాగే ఉన్నాయి. "నన్నే" అంది. "'ఎర్రమ్మీ యాడ పోతివే' అంటాండె. నేను ఎర్రగా ఉంటాంటిలే అప్పుడు." ముడతలు పడిన తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుని, మళ్ళీ చెనిక్కాయ అందుకుంది.

"అవ్వా, మరి అసలు పాట ఎట్లుంటాది? మా సారు అడుగుతాండాడు. చెప్పకపోతే ఉద్యోగం పోతాది."

"అసలు పాటేందే అమ్మీ?" అంది అవ్వ, నా తెలివితక్కువతనానికి జాలిపడుతూ. "పండగనాడు పిల్లోళ్ళు ఒకచోట ఉండరు. పనికి పిలవల్ల గదా. ఉత్తినే అరిస్తే గొంతు నొస్తాది. పాడతా పిలిస్తే నొయ్యదు. అంతే."

తిరుగు బస్సులో నాయన కిటికీ దగ్గర కూర్చున్నాడు. దారి పక్కన చింతచెట్లు వెనక్కి పోతున్నాయి. పెనుకొండ కొండ కనబడేసరికి, నా వైపు తిరగకుండానే అన్నాడు. "నువ్వు కాలేజీకి పోబట్టినాక గూడా నేను ఆ వరస మార్చలేదమ్మీ. కండె మీయమ్మే తెచ్చిస్తాండె. 'తెచ్చేది నేను, పిలిచేది దాన్ని' అని కొట్లాడుతాండె. అయినా మార్చుకోలేకపోతి." నాకు ఏడుపొస్తే ఆయనకు తెలియనివ్వకూడదని బయటికి చూశాను. కండక్టరు వచ్చి పెనుకొండ ఎవరు దిగేది అని అరిస్తే, మేం ధర్మవరం పోవలసినవాళ్ళమైనా నేను లేచి నిలబడ్డాను, రోజూ దిగే అలవాటు కొద్దీ. నాయన నా చెయ్యి పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టాడు.

వార్షికోత్సవానికి పాట సిద్ధం చేశాను. పెద్దసారుకు ముందుగా ఏమీ చూపించలేదు, ఆయన అర్థం అడుగుతారని. మొదటి రెండు వరసలూ పిల్లలంతా జనం మధ్యలో కూర్చునే పాడారు. మూడో వరసలో నేను స్టేజీ పక్కనుంచి ఒక్కొక్కరినీ వాళ్ళ ఇంటి పేరుతో పిలిచాను. ఇంటి పేరంటే పలక మీద రాసేది కాదు, వాళ్ళమ్మా నాన్నా వాకిట్లోంచి కేకేసే పేరు. "బుజ్జీ యాడ పోతివే", "మున్నా యాడ పోతివిరా", "బంగారీ యాడ పోతివే". పిలిచిన పిల్ల జనం మధ్యలోంచి "వస్తాండా!" అని అరిచి, స్టేజీ మీదికి పరుగెత్తుకుంటూ రావాలి. మొదటి ఇద్దరు ముగ్గురు వచ్చేదాకా తల్లిదండ్రులకు అర్థం కాలేదు. తర్వాత ప్రతి ఒక్కరూ తమ పిల్ల పేరు కోసం మెడలు చాచి ఎదురుచూశారు. ఒకాయన తన కొడుకు పేరు వచ్చేసరికి, వాడికంటే ముందు తానే "వస్తాండా!" అన్నాడు. పిల్లి వేషం పిల్లవాడు పాకకుండా మామూలుగా నడిచే వచ్చాడు గానీ, జనం వాణ్ణి గుర్తుపట్టి ఈలలు వేశారు.

ఒక్క పిల్లను కూడా వదలడానికి లేదు కదా. బడి మొత్తాన్నీ పిలిచేసరికి చాలా పొద్దుపోయింది, పెద్దసారు రాసుకుని తెచ్చుకున్న ఉపన్యాసానికి టైము లేకుండా పోయింది. ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. ఇక నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను.

"దీని అర్థమేమి టీచర్?" అన్నారు.

"ఈసారి అర్థమేం లేదు సార్. ఉత్తినే పిలిచినా."

ఆయన స్టేజీ వైపు చూశారు. అక్కడ పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడుతూ, దిగమన్నా దిగకుండా ఉన్నారు. "మీరు మా మనవణ్ణి పిలిచినప్పుడు నాకు కొంచెం..." అని, వాక్యం పూర్తి చేయకుండానే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. వచ్చే ఏడాది గురించి మళ్ళీ ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు ఒక తండ్రి నా దగ్గరికి వచ్చి, "పాట శానా బాగుండాది మేడమ్. సారు ఉపన్యాసం లేకుండా చేసినారు, అది ఇంకా బాగుండాది" అని రహస్యంగా చెప్పి పోయాడు.

ఇప్పుడు నేను హిందూపురంలో ఉంటున్నాను. అవ్వ ఎప్పుడో పోయింది. నాయన పోయి కూడా కొన్నేళ్ళయింది. ఉగాది వస్తే ఫోను మీద వేలు తాకిస్తే చాలు, వేణువులూ వయొలిన్లూ పెట్టి, ఎక్కడా శ్రుతి తప్పకుండా పాడిన పండగ పాటలు ఎన్నైనా వస్తాయి. మా ఇంట్లోవాళ్ళు పెడతారు, నేనూ వింటాను, బాగుంటాయి. వాటిల్లో ఎవరూ ఎవరినీ ఏమీ తెమ్మనరు. అందుకేనేమో, పచ్చడికి వేపపూత ఏరుకుంటూ ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఆ మూడో వరస నాకు నేనే చిన్న గొంతుతో పాడుకుని, "వస్తాండా నాయనా" అని జవాబు కూడా నేనే చెప్పుకుంటాను. జుట్టు నెరిసిన టీచరమ్మ వంటింట్లో ఎవరికి బదులిస్తోందా అని ఇంట్లోవాళ్ళు లోపలికి తొంగి చూస్తారు. ఏమీ లేదని చెయ్యి ఊపి, తల వంచుకుని, నవ్వు కనబడకుండా పూత ఏరుకుంటాను.